ఏఆర్ పాఠానికి కొత్త ఫోన్ కొనకండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన శనివారం బోరబండ దగ్గర ఒక బడ్జెట్ స్కూల్లో టీచర్లకు ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) ట్రైనింగ్ ఇచ్చి కిందికి దిగుతున్నాను. ఏఆర్ అంటే కెమెరాలో కనిపించే నిజమైన దృశ్యం మీద త్రీడీ బొమ్మను నిలబెట్టడం. అదే రోజు పేరెంట్స్ మీటింగ్. మెట్ల దగ్గర ఒకావిడ ఆపింది. చేతిలో కొత్త ఫోన్, స్క్రీన్ మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీయలేదు.

"మేడం, ఇండ్ల ఏఆర్ వస్తదా? షాపాయన వస్తదన్నడు. పద్దెనిమిది వేలు, ఈఎంఐ మీద తీసుకున్నం. బాబు ఏడో తరగతి."

పాత ఫోన్ ఏదమ్మా అంటే బ్యాగులోంచి తీసింది. ఒక మూల అద్దం పగిలింది, అంతే. నా ఫైల్లో ఉన్న గుండె మార్కర్ కాగితం (కెమెరా గుర్తుపట్టే బొమ్మ ఉన్నది) మెట్టు మీద పరిచి, లింకు తెరిచి, ఆ పాత ఫోన్ కెమెరా దాని మీద పెట్టాను. కాసేపటికే కాగితం మీద గుండె లేచి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం చేతిలోని కొత్త ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయింది.

తప్పు ఆవిడది కాదు. స్కూల్ పంపిన సర్క్యులర్‌లో "ఏఆర్ సపోర్ట్ చేసే ఫోన్ ఉండటం మంచిది" అని ఒక లైను ఉంది. అది యాప్ అమ్ముకునేవాళ్ల బ్రోచర్‌లోంచి ఎత్తి రాసింది. ఆ ఒక్క లైనుకు ఆ వీధిలో ఎన్ని ఈఎంఐలు మొదలయ్యాయో. నేను పదకొండేళ్లు బయాలజీ చెప్పి ఈ పనిలోకి వచ్చాను. రోజూ వినే అపోహల్లో జేబుకు చిల్లు పెట్టేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: ఏఆర్‌కు ఖరీదైన ఫోన్ కావాలి, పిల్లకొకటి ఉండాలి. కళ్ల మీదికి తగిలించుకునే హెడ్‌సెట్ల ల్యాబ్ ఉంటే ఇంకా మంచిది.

క్లాసులో వాడే ఏఆర్ ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మార్కర్‌ది. కాగితం మీద ముందే తెలిసిన బొమ్మ ఒకటి ఉంటుంది. కెమెరా దాన్ని గుర్తుపట్టి, అది ఎంత దూరంలో ఉంది, ఎటు వాలి ఉంది అని లెక్కగట్టి, దాని మీద త్రీడీ మోడల్‌ను నిలబెడుతుంది. దీనికి పనిచేసే కెమెరా ఉన్న మామూలు ఫోన్ చాలు. కొన్నిటికి యాప్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి.

రెండోది కాగితం లేకుండా నేల మీదో బల్ల మీదో బొమ్మను నిలబెట్టేది. ఇది బరువైన పని. తాను గదిలో ఎక్కడుందో, ఎటు కదిలిందో ఫోన్ క్షణక్షణం తేల్చుకోవాలి. కెమెరాకు కనిపించే గుర్తులను, గైరోస్కోప్, యాక్సిలరోమీటర్ అనే సెన్సర్లు చెప్పే కదలికలను కలిపి లెక్క వేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసేది గూగుల్ వాళ్ల ఏఆర్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్. కెమెరా, సెన్సర్లు, ప్రాసెసర్ పనికొస్తాయని తేలిన మోడళ్లనే గూగుల్ తన జాబితాలో పెడుతుంది. చవక ఫోన్లలో చాలావాటికి గైరోస్కోపే ఉండదు. "ఈ ఫోన్‌లో ఏఆర్ రాదు" అనే మాట ఇక్కడ పుట్టి, మొదటి రకానికి కూడా అంటుకుంది.

మీ ఫోన్ సంగతి తెలుసుకోవాలంటే షాపాయనను అడగకండి. ప్లే స్టోర్‌లో "గూగుల్ ప్లే సర్వీసెస్ ఫర్ ఏఆర్" అని వెతకండి. మీ ఫోన్‌కు సరిపడదని చూపిస్తే రెండో రకం రాదు, అంతవరకే. గుండె, కంటి నిర్మాణం, అగ్నిపర్వతం, ఘనాకారాలు లాంటి పాఠాలకు మొదటి రకం సరిపోతుంది.

ఇక పిల్లకొక ఫోన్ అనేది. వద్దు. టీచర్ ఫోన్ ఒక్కటి, దాన్ని క్లాసులోని పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ మీదికి కాస్ట్ చేస్తే, అంటే ఫోన్‌లో కనిపించేది అక్కడ కనిపించేలా చేస్తే చాలు. ఇప్పుడు చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో కూడా ఈ ప్యానెళ్లు (ఐఎఫ్‌పీలు) ఉన్నాయి. ప్యానెల్ లేకపోతే బెంచీకి ఆరుగురిని నిలబెట్టి వంతులవారీగా చూపించండి. కాస్ట్ చేసే ముందు 'డు నాట్ డిస్టర్బ్' పెట్టడం మర్చిపోకండి. ఎనిమిదో తరగతికి కిడ్నీ చూపిస్తుంటే మా ఆయన "గ్యాస్ బుక్ చేశావా" అని పంపిన మెసేజ్ ప్యానెల్ నిండా వచ్చింది. ఆ సెక్షన్ పిల్లలు పదో తరగతి అయిపోయేదాకా నన్ను "మేడం, గ్యాస్ వచ్చిందా" అని అడుగుతూనే ఉన్నారు.

హెడ్‌సెట్ల భ్రమకు ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో బోయింగ్‌లో టామ్ కాడెల్ ఈ 'ఆగ్మెంటెడ్ రియాలిటీ' అనే పేరు వాడింది విమానం వైర్లు అమర్చే పనివాళ్లు తలకు తగిలించుకునే పరికరం గురించే. చేతులు ఖాళీగా ఉండాల్సిన పని అది. ఏడో తరగతి పిల్లాడికి ఆ అవసరం ఏముంది? ఉప్పల్ వైపు ఒక స్కూల్ కరస్పాండెంట్ నాకు లక్షల కొటేషన్ ఒకటి చూపించారు. ఇరవై హెడ్‌సెట్లు, మూడేళ్ల కంటెంట్. "సార్, ఇందులో మన సిలబస్ పాఠాలు ఎన్ని?" అంటే ఆయన సేల్స్ అబ్బాయి వైపు చూశారు, ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ వైపు చూశాడు. నలభై నిమిషాల పీరియడ్‌లో నలభై మందికి ఇరవై హెడ్‌సెట్లు తగిలించి, సర్ది, తుడిచి, విప్పేసరికి గంట కొడుతుంది. పైగా మెటా క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లను పదేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని కంపెనీయే చెబుతోంది.

మూడేళ్ల కంటెంట్ అన్న మాట వినగానే నాకు ఇంకో భయం. పిల్లలకు వర్చువల్ టూర్లు చూపించే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ యాప్ 2021 జూన్‌తో ఆగిపోయింది. హెచ్‌పీ రివీల్ అనే ఏఆర్ యాప్ మీద ఎందరో టీచర్లు రాత్రిళ్లు కూర్చుని మార్కర్లు తయారు చేసుకున్నారు, 2020లో అదీ పోయింది. ఏఆర్ ఎఫెక్టులు తయారు చేసే మెటా స్పార్క్‌ను 2025 జనవరిలో మూసేశారు. అంత పెద్ద కంపెనీలే మూసేస్తుంటే నిన్న పుట్టిన యాప్‌కు మూడేళ్ల డబ్బు ముందే కట్టడం ఏమిటి? ఒక ఏడాదికి కట్టండి. కొనేముందు త్రీడీ మోడళ్లను జీఎల్‌బీ ఫైళ్లుగా (వేరే త్రీడీ యాప్‌ల్లోనూ తెరుచుకునే ఫైళ్లు) ఇస్తారా అని అడగండి. ఇస్తే రేపు యాప్ పోయినా బొమ్మ మిగులుతుంది.

డబ్బు పెట్టిన చోట కూడా దెబ్బతినేది మార్కర్ దగ్గరే, అదీ చెప్పాలి. మలక్‌పేటలో ఒక స్కూల్లో నా మొదటి డెమో. పిల్లలు చింపేస్తారని ముందురోజు జిరాక్స్ షాపులో మార్కర్లన్నీ మెరిసే లామినేషన్ చేయించాను. తీరా క్లాసులో ట్యూబ్‌లైట్ వెలుగు దాని మీద తెల్లని చారలా పడి, కెమెరా ఒక్కటి గుర్తుపడితే ఒట్టు. ఇరవై నిమిషాలు ఫోన్ అటూ ఇటూ తిప్పాను, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినావిడ వాచీ చూసుకుంది. చివరికి బ్లేడుతో లామినేషన్ కోసి కాగితం బయటికి తీస్తే వెంటనే వచ్చింది. అప్పటినుంచి మామూలు కాగితం, కింద అట్టముక్క. బొమ్మలో గీతలు, మూలలు, నలుపు తెలుపు తేడాలు బాగా ఉండాలి. ఉత్త స్కూల్ లోగో పెడితే, అందులోనూ గుండ్రటిదైతే, కెమెరా తికమకపడుతుంది.

మిగతావి గబగబా.

రేడియేషన్: లేదండీ. ఏఆర్ వల్ల ఫోన్‌లోంచి కొత్తగా ఏ కిరణాలూ రావు, కెమెరా తెరిచి ఉంటుంది, అంతే. కళ్ల గురించిన టెన్షన్ అర్థం చేసుకోగలను, కానీ ప్యానెల్ మీద ఐదు నిమిషాల గుండె కన్నా ఇంట్లో మంచం మీద రెండు గంటల రీల్స్ గురించి ఆలోచించండి.

పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది కాబట్టి ఏఆర్ ఉన్నట్టే: కాదు. ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షా కోడ్ స్కాన్ చేస్తే లింకు తెరుచుకుంటుంది, వీడియో వస్తుంది. మంచిదే, కానీ అది వేరు.

ఇంటర్నెట్ లేకపోతే పని చేయదు: యాప్ మోడల్‌ను ముందే దింపుకోనిస్తే చేస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో దింపుకుని క్లాసుకు వెళ్లండి.

ఫ్రీ యాప్ కదా, నష్టమేముంది: కెమెరా పర్మిషన్ అడిగితే ఇవ్వండి. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఆ యాప్‌నే తీసేయండి. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. అడ్మిషన్ రిజిస్టర్ ఎక్సెల్ చేసి యాప్ వాళ్లకు మెయిల్ పెట్టే స్కూళ్లు దీన్ని రెండుసార్లు చదవండి.

ఏఆర్ చూపిస్తే పాఠం అర్థమైపోతుంది: ఇక్కడ కాస్త ఆగాలి. అదే మలక్‌పేట స్కూల్లో తర్వాత ఒకరోజు గుండె బాగా వచ్చింది, బల్ల మీద బకెట్ అంత. పీరియడ్ చివర ఒక పాప అడిగింది, "టీచర్, ఇంత పెద్ద గుండె లోపల ఎట్ల పడుతది?" సైజు గురించి నేను ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు ముందు అందర్నీ పిడికిలి బిగించమంటాను, కాగితం పక్కన పెట్టించి మోడల్‌ను ఆ సైజుకు తగ్గించాకే పేర్లు మొదలుపెడతాను.

మర్నాడు మూలమీది మటన్ షాపులో ఒక మేక గుండె అడిగి తీసుకొచ్చి, ట్రేలో పెట్టి నిలువునా కోశాను. ఇద్దరు మగపిల్లలు కిటికీ దగ్గరికి పారిపోయారు. ఆ పాప మాత్రం చేతికి కవరు తొడుక్కుని రెండు వైపులా నొక్కి చూసింది. "టీచర్, ఈ ఎడమ గోడ ఇంత గట్టిగున్నదేంది? నిన్న ఫోన్ల రెండూ ఒక్క తీర్గనే ఉండె."

ఒళ్లంతటికీ రక్తం తోసేది అదే కదమ్మా అన్నాను. వెళ్లి కిటికీ దగ్గరివాళ్లను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.