గురి దొరికినా కాల్చని ఓడ

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్లలో సెలవు రోజున లాప్‌టాప్‌ల మీద నౌకాయుద్ధాలు నడిపే కుర్రాళ్లున్నారు. వాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. "అన్నా, శత్రువు తెర మీద ఎర్రగా కనపడతానే ఉండాడు. మన డిస్ట్రాయర్ నిండా మిస్సైళ్లుండాయి. ఒక్కటి కూడా వదల్లే. గేమ్‌లో బగ్ ఉండాది." బగ్‌లు ఉండవని నేననను. అయితే చాలాసార్లు ఓడ తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది. పైనుంచి మ్యాపంతా చూస్తున్న ఆటగాడికి తెలిసిన సంగతి నీళ్ల మీదున్న ఓడకు తెలియదు, అంతే.

ముందు భూమి గుండ్రం లెక్క చూద్దాం. రాడార్ తరంగం దాదాపు తిన్నగా పోతుంది, గాలి దాన్ని కాస్త కిందికి వంచుతుంది. అది ఎంతదూరం చూడగలదో తేల్చడానికి తేలికైన సూత్రం ఉంది: యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రాడార్ పెడితే, మధ్యలో మరో కొండ అడ్డు రాదనుకుంటే, 120 కిలోమీటర్లు కనబడాలి. అంటే శ్రీహరికోట తీరం దాటి సముద్రం మీద ఇంకో పాతిక కిలోమీటర్ల దాకా. ఓడకు శేషాచలం ఎక్కడ దొరుకుతుంది? 25 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు దక్కేది 20 కిలోమీటర్ల పైచిలుకు. నీళ్లకు 5 మీటర్ల ఎత్తులో దూసుకొచ్చే క్షిపణి తన ఎత్తుతో ఇంకో 9 కలుపుతుంది. మొత్తం 30. అది సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తుంటే, కనబడిన క్షణం నుంచి తగిలేదాకా 100 సెకన్లు. బ్రహ్మోస్ లాంటిదైతే అరనిమిషం, ఆపైన కొద్ది సెకన్లు. ఆటలో మన మిస్సైల్ పక్కన 150 కిలోమీటర్ల రేంజి అని రాసి ఉండొచ్చు. అది పైనెక్కడో ఎగిరే విమానానికి పనికొచ్చే అంకె.

ఈ తెలియనితనాన్ని ఆటలోకి ఎలా తేవాలో బ్రిటన్‌లోని లివర్‌పూల్‌లో 1942లోనే కనిపెట్టారు. జర్మన్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్‌లో సరుకు ఓడల్ని ముంచేస్తున్న రోజులవి. కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నడిపిన వెస్టర్న్ అప్రోచెస్ టాక్టికల్ యూనిట్ అనే యుద్ధ క్రీడల శిక్షణ కేంద్రంలో సిబ్బంది ఎక్కువగా 'రెన్స్' అనే నౌకాదళ యువతులు. హాలు నేల మీద సుద్దతో ఓడల దారులు గీసేవాళ్లు. ఆడడానికొచ్చిన అధికారుల్ని మాత్రం కాన్వాస్ తెరల వెనక కూర్చోబెట్టి, చిన్న కంతలోంచి చూడనిచ్చేవాళ్లు. సబ్‌మెరైన్ దారిని గీసే సుద్ద రంగు, ఆ కంతలోంచి చూస్తే నేల రంగులో కలిసిపోయేది. అధికారి కళ్ల ముందే శత్రువు తిరుగుతుంటాడు, ఆయనకు మాత్రం తెలీదు. ఇవాళ్టి కంప్యూటర్ ఆటల్లో ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ ఉన్నా, నాకు ఆ సుద్దముక్క తెలివే గొప్పగా అనిపిస్తుంది.

కనబడింది సరే. అదెవరు? చిక్కంతా ఇక్కడే. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ వైపు మన మిస్సైల్ బోట్లు వెళ్లినప్పుడు, పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ సిబ్బందికి ఆకాశంలో వెలుగొకటి తమవైపే వస్తూ కనిపించింది. విమానమనుకుని విమాన విధ్వంసక తుపాకులు పేల్చారు. వచ్చింది క్షిపణి, ఓడ మునిగింది. రెండు రోజులకే పాకిస్తాన్ వైమానిక దళం విమానం తమ సొంత ఓడ జుల్ఫికర్‌నే భారత నౌక అనుకుని కాల్చింది. ముందు రోజుల భయం జనాన్ని ఎటు తోస్తుందో చూడండి.

పర్షియన్ గల్ఫ్‌లో ఈ తప్పు రెండువైపులా జరిగింది. 1987 మే 17న ఇరాక్ విమానం ఒకటి అమెరికా ఫ్రిగేట్ స్టార్క్ మీద రెండు ఎక్సోసెట్ క్షిపణులు వదిలింది. విమానం వస్తున్నట్టు ఓడలో తెలుసు. అప్పటికి ఇరాక్ శత్రువు కాదు. ఓడ ఒక్క గుండూ పేల్చలేదు, 37 మంది నావికులు పోయారు. మరుసటి ఏడాది జులై 3న అదే జలాల్లో విన్సెన్స్ అనే మరో అమెరికన్ ఓడ ఆగలేదు. యుద్ధవిమానమనుకుని ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది చనిపోయారు.

అందుకే నౌకాదళాల్లోనూ, మంచి ఆటల్లోనూ కాల్పుల అనుమతికి అంచెలుంటాయి. 'ఫ్రీ' అంటే మనవాడని తేలని దేన్నైనా కాల్చొచ్చు. 'టైట్' అంటే శత్రువని ఖాయమైతేనే. 'హోల్డ్' అంటే ఆత్మరక్షణకో, ప్రత్యేకంగా ఉత్తర్వొస్తేనో తప్ప వద్దు. కుర్రాడి డిస్ట్రాయర్ చాలావరకు 'టైట్'లో ఉండి ఉంటుంది. పైగా శత్రువుకు జాడ తెలియకూడదని తన రాడారే ఆపేసుకుని ఉంటే, ఆ ఎర్రచుక్క వేరే ఓడో విమానమో పంపిన పాత కబురు. దాని మీద మిస్సైల్ వదలడం డబ్బు నీళ్లలో పోయడమే.

అనుమతి ఉన్నా ఆగిపోయే సందర్భాలకు ఫాక్‌లాండ్స్ యుద్ధాన్ని మించిన పాఠం లేదు. 1982 మే 25న బ్రిటన్ ఓడలు బ్రాడ్‌స్వర్డ్, కవెంట్రీ జంటగా కాపలా కాస్తున్నాయి. బ్రాడ్‌స్వర్డ్‌లో సీ వూల్ఫ్ అనే కొత్త క్షిపణి వ్యవస్థ ఉంది. అర్జెంటీనా స్కైహాక్ యుద్ధవిమానాలు రెండు దగ్గరదగ్గరగా, బాగా కిందుగా వచ్చాయి. సీ వూల్ఫ్ వాటిని పట్టుకుంది గానీ, పక్కపక్కనే ఉన్న రెండింట్లో దేన్ని ఎంచుకోవాలో కంప్యూటర్‌కు తోచక గురి వదిలేసింది. ఓ బాంబు బ్రాడ్‌స్వర్డ్‌ను చీల్చుకుని పోయింది, అదృష్టం కొద్దీ పేలలేదు. కాసేపటికి ఇంకో జంట వచ్చింది. ఈసారి గురి కుదిరింది. సరిగ్గా అప్పుడే తప్పించుకోవాలని పక్కకు తిరిగిన కవెంట్రీ, బ్రాడ్‌స్వర్డ్‌కూ విమానాలకూ మధ్య అడ్డంగా వచ్చింది. గురి తెగిపోయింది. బాంబులు తగిలి కవెంట్రీ బోర్లాపడింది, 19 మంది మరణించారు. ఇదే ఆటలో జరిగితే మనం ఏమని తిట్టుకునేవాళ్లం?

గొట్టాల నిండా మిస్సైళ్లున్నా ఒకేసారి వాడలేకపోవడం మరో సంగతి. అమెరికా ఆర్లీ బర్క్ తరగతి డిస్ట్రాయర్‌లో లక్ష్యం మీద రాడార్ వెలుగు వేసి ఉంచే యంత్రాలు మూడే. ఆ వెలుగును పట్టుకుని వెళ్లే రకం క్షిపణులకు చివరి ఘడియల్లో అది తప్పనిసరి. మన కోల్‌కతా తరగతి ఓడల్లోని బరాక్-8కు ముక్కులోనే సొంత రాడార్ ఉంది కాబట్టి ఈ బెడద తక్కువ.

గాలి చేసే మాయ అర్థం కావాలంటే తిరుపతి దగ్గరే గాదంకి ఉంది. అక్కడ 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే రాడార్ ఆకాశంలోకి చూస్తుంది. అది పట్టేది విమానాల్ని కాదు. గాలిలో తేమ, వేడి తేడాల వల్ల వచ్చే సన్నటి ప్రతిధ్వనుల్ని. అవే తేడాలు సముద్రం మీద పొరగా పరుచుకుంటే ఓడ రాడార్ తరంగాన్ని నీళ్ల వెంట వంచి, దిక్చక్రం అవతల ఉన్నదాన్ని కూడా చూపిస్తాయి. 1943 జులై చివర్లో అల్యూషియన్ దీవుల దగ్గర అమెరికా ఓడలు రాడార్ చుక్కల మీద 14 అంగుళాల గుండ్లే 518 కాల్చాయి. అక్కడ శత్రువు లేడు. దూరపు దీవుల ప్రతిధ్వనులని కొందరు, పక్షుల గుంపులని కొందరు అన్నారు.

నీళ్ల కింద ఇంకా తమాషా. 1930ల్లో క్యూబాలోని గ్వాంటనామో దగ్గర అమెరికా నౌకాదళం సోనార్ (నీళ్లలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనితో సబ్‌మెరైన్‌ను వెతికే యంత్రం) పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి మొరాయించేది. ఆపరేటర్లు భోంచేసి కునుకు తీస్తున్నారని అనుమానించారు. అసలు దొంగ ఎండ. పైపొర వేడెక్కితే అక్కడ శబ్దం వేగం పెరిగి, కిరణం చల్లని నీళ్లవైపు, అంటే కిందికి వంగిపోతుంది. కాస్త దూరాన, పైపొరలోనే ఉన్న సబ్‌మెరైన్ ఆ నీడలో క్షేమంగా ఉంటుంది. బంగాళాఖాతం ఉత్తర భాగంలో చలికాలానికి కథ తిరగబడుతుంది. గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చిన మంచినీళ్లు తేలికై పైన నిలిచి, చల్లబడ్డా కిందికి దిగవు. దాని కిందనే ఉన్న నీళ్లకంటే పైపొరే చల్లగా ఉండడంతో శబ్దం పైకి వంగి ఉపరితలం దగ్గరే చిక్కుకుంటుంది. ఏడాది పొడుగునా ఒకే ఉష్ణోగ్రత పట్టికతో బంగాళాఖాతాన్ని నడిపించే ఆటలో సబ్‌మెరైన్ దొరికినా, దొరక్కపోయినా నేను నమ్మను.