జాన్ స్టువర్ట్ రెండు కుటుంబాలు

ప్రియమైన పిల్లలకు,

అమెరికా సినిమాల్లో కోట లోపల తెల్ల సైనికులు, బయట ఇండియన్లు, అంటే అక్కడి ఆదివాసులు, కనిపిస్తారు. వాళ్ల మధ్య యుద్ధం తప్ప ఇంకేమీ లేదనిపిస్తుంది. మరి పెళ్లిళ్లు, చుట్టరికాలు? అందుకే జాన్ స్టువర్ట్ సంగతి రాస్తున్నాను.

స్కాట్లాండ్‌లో పుట్టిన ఈయన, అప్పట్లో అమెరికాలో బ్రిటిష్ వలసగా ఉన్న దక్షిణ కరోలినా సైన్యంలో కెప్టెన్. ఇప్పటి టెన్నెసీ రాష్ట్రంలో, చెరోకీలు అనే ఇండియన్ తెగవాళ్ల ఊళ్ల పక్కనే 1756లో మొదలుపెట్టి కట్టిన లౌడన్ కోటలో పనిచేశాడు. ఆ కోట కావాలని అడిగింది చెరోకీలే. తమ యోధులు ఇంగ్లిష్‌వాళ్ల తరఫున ఫ్రెంచివాళ్లతో పోరాడటానికి వెళ్తే ఇంటి దగ్గర ఆడవాళ్లకు, పిల్లలకు రక్షణ ఎవరు? అలాంటి స్నేహం చెడింది. శాంతి కోసం వచ్చిన చెరోకీ పెద్దలను కరోలినా గవర్నర్ బందీలుగా పట్టుకున్నాడు. 1760లో మరో కోటలో సైనికులు ఆ బందీలను చంపేశారు. ఇక చెరోకీలు లౌడన్ కోటను ముట్టడించారు.

లోపల తిండి అయిపోయి గుర్రాలను కోసుకు తిన్నారు. అప్పుడు సైనికుల చెరోకీ భార్యలే తిండి తీసుకెళ్లి ఇచ్చారు. ‘చంపేస్తాను’ అని చెరోకీ నాయకుడొకడు బెదిరిస్తే నవ్వేశారట. ‘మమ్మల్ని చంపితే మా వాళ్లు నిన్ను వదలరు’ అన్నారట!

అది ఉత్త ధైర్యం కాదు. చెరోకీలకు ఏడు వంశాలు. ఎవరినైనా చంపితే బదులు తీర్చుకోవడం చచ్చినవాళ్ల వంశం బాధ్యత. పిల్లలు అమ్మ వంశంవాళ్లే అవుతారు. పెంపకంలో తండ్రికన్నా మేనమామదే పెద్దరికం. మన దగ్గర మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చి ఊరుకుంటాడు, అక్కడ ఆ మాత్రంతో సరిపోదు. కాబట్టి తండ్రి తెల్లవాడైనా చెరోకీ తల్లి బిడ్డ పూర్తి చెరోకీయే. ‘సగం’ అనే లెక్కే లేదు.

ఆగస్టులో కోట అప్పగించి వెళ్తున్న సైనికుల మీద చెరోకీలు దాడి చేశారు. ఇచ్చేయాల్సిన తుపాకీ మందును కోటలో పాతిపెట్టి వెళ్లారన్న కోపం కూడా ఉంది. అధికారుల్లో స్టువర్ట్ ఒక్కడే బతికాడు. అట్టకుల్లకుల్లా అనే చెరోకీ పెద్ద తన తుపాకీ, బట్టలు ఇచ్చి మరీ ఆయన్ను విడిపించుకున్నాడు. వేటకని చెప్పి అడవుల గుండా తీసుకెళ్లి వర్జీనియా సైన్యం దగ్గర దింపాడు. 1762లో స్టువర్ట్‌ను దక్షిణ ప్రాంతపు ఇండియన్ వ్యవహారాల అధికారిగా నియమించారు. ఆ పదవికి ఆయన అర్హత, నా లెక్కలో, ఈ స్నేహమే.

ఆయనకు ఇంగ్లిష్ భార్య ఉంది. చెరోకీ కుటుంబాల్లో చెప్పుకునే వంశచరిత్ర ప్రకారం, సుసన్నా ఎమొరీ అనే చెరోకీ స్త్రీ వల్ల ఒక కొడుకూ ఉన్నాడు. స్టువర్ట్ గుబురు జుట్టు చూసి చెరోకీలు పెట్టిన ‘బుషీహెడ్’ అన్న పేరే ఆ కొడుకు సంతతికి ఇంటిపేరైంది. ఇంగ్లిష్ భార్య కొడుకు బ్రిటిష్ జనరల్ అయ్యి 1806లో ఇటలీలోని మైదా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. లండన్‌లోని మైదా వేల్ అనే పేటకు ఆ పేరు అలా వచ్చిందే.

చెరోకీ కొడుకు వైపు మనవడు జెస్సీ బుషీహెడ్ బాప్టిస్టు బోధకుడు. 1838లో అమెరికా ప్రభుత్వం చెరోకీలను సొంత నేల నుంచి వెళ్లగొట్టినప్పుడు, సుమారు 950 మంది ఉన్న బృందాన్ని ఆయనే పడమటికి నడిపించాడు. మిసిసిపీ నదిలో మంచుగడ్డలు అడ్డం పడి వారాల తరబడి ఆగిపోయారు. 1839 జనవరిలో, ఆ ప్రయాణంలోనే ఆయనకు కూతురు పుట్టింది. ఎలైజా మిసౌరీ అని పేరు పెట్టారు. ఆమె అన్న డెన్నిస్ 1879 నుంచి 1887 వరకు చెరోకీ దేశానికి ప్రధాన నాయకుడిగా ఉన్నాడు.

మీ తాతయ్య