రీలు కడగడం అనే మాటలో సగం నిజం

నేను ఇంట్లో మొదటిసారి కడిగిన రీలు అద్దంలా వచ్చింది. గొప్ప కోసం చెప్పట్లేదు, నిజంగానే అద్దంలా, ఫిల్ములోంచి చూస్తే అవతలి గోడ కనిపించింది. 36 ఫొటోల్లో ఒక్కటీ లేదు. లేబుల్ అంటించని రెండు సీసాలు పక్కపక్కనే పెట్టుకుని, డెవలపర్ (బొమ్మని బయటికి రప్పించే రసాయనం) అనుకుని, దాని తర్వాత పోయాల్సిన ఫిక్సర్‌ని ముందు పోశాను, అంతే. ఏడుపొక్కటే తక్కువ. కానీ ఫిల్ము మీద అసలేం జరుగుతుందో నాకు అర్థమైంది మాత్రం ఆ తప్పు వల్లే.

ఫిల్ము అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పల్చటి జెలటిన్ పూత. ఆ పూత నిండా సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు, వాటిలో కాస్త అయొడైడ్ కూడా. షట్టర్ తెరుచుకున్నప్పుడు వెలుగు పడిన స్ఫటికంలో కొన్ని వెండి అయాన్లు ఎలక్ట్రాన్లను అందుకుని అసలు వెండిగా మారతాయి. కొన్ని అంటే నాలుగైదు పరమాణువులు ఒకచోట చేరినా చాలు. కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఏమీ కనపడదు. బొమ్మ ఉంటుంది, కానీ కనపడకుండా ఉంటుంది. దాన్ని రసాయనంతో బయటికి రప్పించొచ్చని ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన ఇంగ్లండ్ శాస్త్రవేత్త టాల్బట్ 1840లో, గాలిక్ ఆమ్లం వాడుతూ కనిపెట్టాడు. అంతకుముందు ఆయన కాగితం మీద బొమ్మ కంటికి కనపడేదాకా వెలుగులోనే ఉంచాల్సి వచ్చేది. ఆ నాలుగైదు పరమాణువులు ఎలా పోగవుతాయో వివరించడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు చెప్పారు.

డెవలపర్ చేసే పని ఎలక్ట్రాన్లు దానం చేయడం. స్ఫటికంలో ఆ చిన్న వెండి మచ్చ ఉంటే దాని గుండా ఎలక్ట్రాన్లు లోపలికి దూరి స్ఫటికం మొత్తాన్ని వెండి చేసేస్తాయి, అందుకే వెలుగు తగిలిన చోటే నల్లబడుతుంది. నాలుగు పరమాణువుల గుర్తు సుమారు వంద కోట్ల రెట్లు పెరిగిందన్నమాట. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వెలుగు తగలని స్ఫటికాలకు డెవలపర్ నుంచి రక్షణేమీ లేదు. అవి నెమ్మది, అంతే. వదిలేస్తే అవి కూడా ఒక్కొక్కటిగా నల్లబడి రీలంతా మసి అవుతుంది. కాబట్టి డెవలప్ చేయడమంటే పరుగుపందేన్ని మధ్యలో ఆపడం. అందుకే ఈ పనిలో గడియారం, థర్మామీటరు మీద అంత పట్టుదల. ఇల్ఫర్డ్ కంపెనీ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముని వాళ్లదే ఐడీ-11 డెవలపర్‌లో, నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచమంటారు. అదే 24 డిగ్రీలైతే ఐదు నిమిషాలు దాటిన కాసేపటికే పని అయిపోతుంది. వేడి ఎక్కువైతే టైము తగ్గించుకోవాలి, లేదా సీసాల్ని చల్లటి నీళ్ల బకెట్లో కాసేపు పెట్టాలి. నాకు రెండోదే నయం అనిపిస్తుంది, ఎందుకంటే టైము ఐదు నిమిషాల లోపుకి పడిపోతే పోయడం, ఒంపడంలో పోయే సెకన్లే లెక్క తప్పించేస్తాయి.

కొడాక్ 1927 నాటి డీ-76 అనే డెవలపర్ ఫార్ములా లీటరుకి ఇలా ఉంటుంది: మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ ఏకంగా 100 గ్రాములు. అసలు పని చేసేవి మొదటి రెండే. క్షారం లేకపోతే వాటికి చురుకు రాదు కాబట్టి బోరాక్స్. సల్ఫైట్ ఏమో గాలికి డెవలపర్ పాడవకుండా కాపాడుతూ, స్ఫటికాల అంచుల్ని కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ని (ఫొటోలో గరుగ్గా కనపడే చుక్కల్ని) మెత్తబరుస్తుంది. ఇవేవీ లేకపోతే కాఫీ ఉంది, జోక్ కాదు. ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడాతో ఫిల్ము డెవలప్ అవుతుందని 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్, ఆయన విద్యార్థులు చూపించారు. తర్వాత దానికి విటమిన్ సి కూడా తోడైంది. ఇక్కడ పనిచేసేది కెఫీన్ కాదు, కెఫియిక్ ఆమ్లం లాంటి పదార్థాలు. కంపు మాత్రం భరించలేం.

సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు నమ్ముకుని ఫిల్ము బయటికి తీయకండి. అది ప్రింటు వేసే కాగితానికి. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి ఎరుపు కూడా కనపడుతుంది, కాబట్టి కటిక చీకట్లోనే, లేదా ఛేంజింగ్ బ్యాగులో (వెలుగు చొరబడని సంచి) చేతులు దూర్చి, తడుముకుంటూ స్పైరల్‌కి, అంటే ట్యాంకులో ఫిల్ముని చుట్టి ఉంచే చక్రానికి, ఎక్కించాలి. చేతులకు చెమట పడితే ఫిల్ము సగంలో ఇరుక్కుంటుంది, అప్పుడొచ్చే టెన్షన్ వేరు. ముందు పనికిరాని ఫిల్ముతో వెలుతుర్లో పది సార్లు, కళ్లు మూసుకుని ఇంకో పది సార్లు ప్రాక్టీసు చేయండి (నా అద్దం రీలు ఇప్పుడు ఈ పనికే వాడుతున్నా). స్పైరల్‌ని వెలుగు చొరబడని ట్యాంకులో పెట్టి, ఒక్కసారి మూత పడిందంటే లైటు వేసుకోవచ్చు.

డెవలపర్ పోశాక ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్ల పాటు ట్యాంకుని నాలుగు సార్లు తలకిందులు చేసి, అడుగున ఒకసారి తట్టాలి. తట్టకపోతే గాలి బుడగలు అంటుకున్న చోట మచ్చలు వస్తాయి. టైము అయ్యాక డెవలపర్ ఒంపేసి పల్చటి ఎసిటిక్ లేదా సిట్రిక్ ఆమ్లం పోస్తే, క్షారం పోయి పందెం అక్కడికక్కడే ఆగుతుంది.

ఆ తర్వాత ఫిక్సర్. దీని పాత పేరు హైపో, ఇప్పటి పేరు థయోసల్ఫేట్. వెండి లవణాల్ని ఇది కరిగిస్తుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, అప్పటికి ఫొటోగ్రఫీయే లేదు! మిగిలిపోయిన సిల్వర్ బ్రోమైడ్‌నంతా కరిగించి తీసేసేది ఇదే, నన్నడిగితే మనం రీలు కడగడం అనే మాట సరిగ్గా సరిపోయేది ఈ అంకానికే. నేను చేసిందేమిటంటే, వెలుగు తగిలినవీ తగలనివీ అన్నీ ఇంకా బ్రోమైడ్‌గానే ఉండగా దీన్ని పోశాను. అది తేడా చూడదు, మొత్తం కడిగేసింది, అంచున ఉండే ఫ్రేము నంబర్లతో సహా. మీ రీలు ఖాళీగా వస్తే ముందు ఆ నంబర్లు చూడండి. అవి ఫ్యాక్టరీలో వెలుగుతో ముద్రించినవి. నంబర్లుండి ఫొటోలు లేకపోతే తప్పు కెమెరాది, లేదా ఫిల్ము తిరగనేలేదు. నంబర్లు కూడా లేకపోతే తప్పు మన సీసాలది.

ఫిక్సర్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఫిల్ము మొదట్లో కత్తిరించిన ముక్కని అందులో వేసి చూడండి, అది పారదర్శకమయ్యే టైముకి రెట్టింపు ఉంచితే చాలు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, నీటి జీవులకు అది విషం, సింకులో పోయకుండా రసాయన వ్యర్థాలు తీసుకునేచోట ఇచ్చేయాలి. గ్లవ్స్ తప్పనిసరి, మెటాల్‌తో కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి.

చివరి కడుగుడుకి పంపు తిప్పి వదిలేయక్కర్లేదు. ట్యాంకులో నీళ్లు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి ఒంపేయాలి, మళ్లీ నింపి పది, మళ్లీ ఇరవై. చివర్లో వెట్టింగ్ ఏజెంట్ (నీటి బొట్ల మరకలు పడకుండా చూసే ద్రవం) చుక్కలు వేసిన నీళ్లలో ముంచి, క్లిప్పుతో వేలాడదీయాలి. తడిసిన జెలటిన్ ఉబ్బి మెత్తగా ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది, ధూళి పడితే అందులోనే ఎండిపోతుంది. ఫ్యాన్ కట్టేసి, ఆ గది తలుపు వేసేసి, ఆరేదాకా అటు వెళ్లకండి. నేనైతే ఇప్పటికీ ఆగలేక మధ్యలో ఒకసారి తలుపు తీసి చూస్తాను.