కాన్పు తర్వాత వ్యాయామం: అపోహలు - వాస్తవాలు

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరకు వచ్చే బాలింతల్లో రెండు రకాల వాళ్లు ఎక్కువ. మూడు నెలలు నిండినా వంగడానికి, మెట్లెక్కడానికి జంకేవాళ్లు కొందరు. మూడో వారంలోనే ఫోన్‌లో వీడియో పెట్టుకుని పొట్ట తగ్గించే వ్యాయామాలు మొదలుపెట్టేసి, నడుము పట్టేసి వచ్చేవాళ్లు కొందరు. ఇద్దరికీ నేను మొదటిరోజు నేర్పేది ఒక్కటే, ఊపిరి తీసుకోవడం. చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. "ఇంతేనా మేడమ్?" అంటారు. కానీ కాన్పు తర్వాత ఒంటికి కావాల్సిన వ్యాయామం అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఆరు వారాలదాకా అసలు కదలకూడదు

ఆరు వారాల లెక్కకు కారణం ఉంది. కాన్పు అయిన వెంటనే గర్భసంచి బరువు దాదాపు కిలో ఉంటుంది. ఆరు వారాలకు అది వంద గ్రాముల లోపుకు వచ్చేస్తుంది. లోపల అంత మార్పు జరుగుతున్నప్పుడు బరువులెత్తడం, గెంతడం వద్దనడం సరైనదే. అయితే ఆ మాటని మంచం దిగొద్దని అర్థం చేసుకుంటేనే ప్రమాదం. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఈ ఆరు వారాల్లోనే ఎక్కువ, కదలకుండా పడుకుంటే అది ఇంకా పెరుగుతుంది.

అందుకే ఏ ఇబ్బందీ లేని నార్మల్ డెలివరీ అయితే, ఒంట్లో ఓపిక వచ్చిన కొద్దిరోజులకే తేలికపాటి వ్యాయామాలు మొదలుపెట్టొచ్చు. సిజేరియన్ అయినవాళ్లనీ డాక్టర్లు వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు. పడుకున్నచోటే పాదాలను పైకీ కిందకీ ఆడించడం, గదిలో నాలుగడుగులు వేయడం, రోజుకో రెండు నిమిషాలు నడక పెంచుకోవడం మొదట్లో చాలు. పాలిచ్చే తల్లులు సహా కాన్పయిన వాళ్లందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం మీరు మెల్లగా చేరుకోవాల్సిన గమ్యం, మొదటి నెలలో పెట్టుకోవాల్సిన టార్గెట్ కాదు.

ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి రక్తస్రావాన్ని గమనించండి. తగ్గుతూ, రంగు మారుతూ వస్తున్నది ఎక్కువ నడిచిన రోజు మళ్లీ ఎర్రగా కనిపిస్తే ఒకటి రెండు రోజులు వెనక్కి తగ్గండి.

అపోహ: పొట్ట తగ్గాలంటే సిటప్స్ చేయాలి

నేను ఎక్కువ గట్టిగా వద్దని చెప్పేది దీన్నే. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట ముందున్న రెండు నిలువు కండరాల మధ్య పొర సాగి, అవి పక్కకు జరుగుతాయి. నెలలు నిండేసరికి ఇది దాదాపు అందరిలోనూ జరిగేదే. దీన్ని డయాస్టాసిస్ అంటాం. ఆ ఎడం దానంతటదే తగ్గడం చాలావరకు మొదటి ఎనిమిది వారాల్లోనే జరుగుతుంది.

ఒకావిడ నెల రోజులుగా సిటప్స్ చేస్తున్నా పొట్ట తగ్గలేదని వచ్చింది. పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమన్నాను. బొడ్డు మీదుగా పొట్ట మధ్యలో గుడారంలా ఒక గట్టు లేచింది. ఆవిడ చేతినే దాని మీద పెట్టించాను. మెత్తగా, వేళ్లు దిగిపోయేలా ఉంది. మొదటిసారి తాకి చూసుకుంది పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ గట్టు లేస్తోందంటే లోపలి ఒత్తిడిని కండరాలు ఇంకా పట్టి ఉంచలేకపోతున్నాయని. అలాంటప్పుడు సిటప్స్ చేస్తే ఒత్తిడి ఆ బలహీనమైన చోటు మీదే పడుతుంది.

ఆవిడకి ఇచ్చింది ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. చేతులు పక్కటెముకల కింది భాగం మీద పెట్టుకోవాలి. ముక్కుతో మెల్లగా ఊపిరి పీల్చితే పక్కటెముకలు, పొట్ట విచ్చుకోవాలి. నోటితో ఊదుతూ వదిలేటప్పుడు పొత్తికడుపుని సుతారంగా లోపలికి తీసుకోవాలి. బిగుసుకుపోకూడదు. పది సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. అది అలవాటయ్యాక ఊపిరి వదులుతూ ఒక మడమను నేలమీద జార్చడం, ఆ తర్వాత నడుమును కొంచెం ఎత్తడం. గట్టు లేవకుండా చేయగలిగినంత వరకే ముందుకు.

అపోహ: బెల్ట్ కట్టుకుంటే పొట్ట లోపలికి పోతుంది

బెల్ట్ కొవ్వుని కరిగించదు, కండరానికి బలం ఇవ్వదు. సిజేరియన్ అయినవాళ్లకు లేచేటప్పుడు, దగ్గేటప్పుడు ఆసరాగా హాయిగా ఉంటుంది, అంతవరకు మంచిదే. ఊపిరాడనంత బిగిస్తే మాత్రం ఆ ఒత్తిడంతా కిందకి, మూత్రాశయాన్ని, గర్భసంచిని అడుగున మోసే కటి కండరాల మీదకి దిగుతుంది.

అపోహ: దగ్గితే, నవ్వితే మూత్రం పడటం తల్లయ్యాక మామూలే

చాలామందికి ఉంటుంది, నిజమే. కానీ చాలామందికి ఉంది కదా అని సరిపెట్టుకోవాల్సిన పని లేదు. ముగ్గురు తల్లుల్లో దాదాపు ఒకరికి ఎంతో కొంత లీకవుతుంది. కాన్పు సమయంలో కటి అడుగున ఉయ్యాలలా ఉండే కండరాలు విపరీతంగా సాగుతాయి కాబట్టి కొంతకాలం బలం తగ్గడం సహజం. ఆ బలాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం ఉంది. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో రాసిన వ్యాయామాలను ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం.

గాలి బయటకు పోకుండా ఆపుకుంటున్నట్టు, దాంతోపాటే మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి. పిరుదులు, తొడలు వదులుగానే ఉండాలి. ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఎన్ని సెకన్లు బిగించారో కనీసం అన్ని సెకన్లు పూర్తిగా వదలండి. ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. టైమ్ లేదంటే పాలిచ్చేటప్పుడు కూర్చున్నచోటే చేసుకోవచ్చు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయడం మాత్రం వద్దు, మూత్రాశయం సరిగా ఖాళీ అవదు. మూత్రం పైపు పెట్టినవాళ్లు అది తీసేసి, మూత్రం మామూలుగా వస్తున్నాక మొదలుపెట్టాలి.

ఒక మాట. బిగించడం తెలిసి వదలడం రానివాళ్లూ ఉంటారు. కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం లాంటివి ఉంటే వాళ్లకు కెగెల్స్ పెంచడం కాదు, ఆ కండరాన్ని సడలించడం నేర్పాలి. ఒకసారి ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి.

అపోహ: సిజేరియన్ అయింది కాబట్టి కటి కండరాలకేమీ కాలేదు

నెలల తరబడి బరువు మోసింది ఆ కండరాలే. సిజేరియన్ తల్లులకూ కెగెల్ వ్యాయామాలు అవసరమే.

ఇంకో సంగతి. పైన చర్మం మీద గీత సన్నగా కనిపించినా లోపల చాలా పొరలు మానాలి. వాటిలో గట్టి పొరకి ఆరు వారాలకు వచ్చేది సుమారు సగం బలమే. అందుకే మంచం మీంచి తిన్నగా లేవకండి. మోకాళ్లు మడిచి, పక్కకు తిరిగి, కాళ్లు కిందకి దించుతూ చేత్తో నెట్టుకుని లేవండి.

అపోహ: వ్యాయామం చేస్తే పాలు తగ్గుతాయి, పులుస్తాయి

ఒక మోస్తరు వ్యాయామంతో పాల పరిమాణం గానీ, వాటిలోని పోషకాలు గానీ తగ్గవు. ముందు బిడ్డకు పాలిచ్చి వ్యాయామం చేస్తే రొమ్ములు బరువుగా లేక మీకే సుఖంగా ఉంటుంది.

అపోహ: ఆరు వారాల చెకప్ అయింది, ఇక పరుగెత్తొచ్చు

2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరుగు మూడు నెలల తర్వాతే, అదీ లీకేజీ గానీ, కింద ఏదో జారుతున్నట్టు బరువు గానీ లేకపోతేనే.

వ్యాయామం సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి: గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, ఒక పిక్కలో మాత్రమే నొప్పి, వాపు, ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చీము.

అపోహ: పిల్లలు పెద్దయ్యారు, ఇక ఇప్పుడేం లాభం

బాబుకి నాలుగేళ్లున్న ఒకావిడ నడుము నొప్పికని వచ్చింది. అంతా అయ్యాక తలుపు తీయబోతూ, వెనక్కి తిరగకుండానే, "తుమ్మితే బట్టలు తడుస్తున్నాయి మేడమ్, దానికేమైనా ఉందా?" అని అడిగింది. నాలుగేళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. మళ్లీ కూర్చోబెట్టి ఊపిరి దగ్గర మొదలుపెట్టాం. మూడు నెలలు రోజూ చేసింది. ఆఖరుసారి వచ్చినప్పుడు జలుబుతో ఉంది. మాట్లాడుతూ గట్టిగా తుమ్మింది, ఒక్క క్షణం ఆగి నావైపు చూసి, "ఏం కాలేదు" అంది.