గడప దాటని కుక్కకూ టీకా కావాలి: లైసెన్సు, రేబిస్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: మా కుక్క ఇంట్లోనే ఉంటుంది, పైగా చిన్నపిల్ల, దానికి రేబిస్ టీకా ఎందుకు?

వాస్తవం: హైదరాబాద్‌లో పశువైద్యుడిగా ఈ ప్రశ్న వినని వారం నాకు లేదు. కుక్క గడప దాటకపోయినా, గేటు సందులోంచి వీధికుక్క దాని మూతిని కరవడానికి క్షణం చాలు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యమని అందరికీ తెలుసు గానీ, లక్షణాలకు కొన్ని రోజుల ముందు నుంచే కుక్క లాలాజలంలో వైరస్ ఉండవచ్చునన్నది చాలామందికి తెలియదు.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం వీధిలో దొరికిన రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకుంది. అది ఆడుతూ వాళ్ల అమ్మాయి చేతిని కొరికితే, పాలపళ్లే కదా అని గాయానికి పసుపు అద్ది ఊరుకున్నారు. నాలుగో రోజున కుక్కపిల్ల దవడ వేలాడేసి చొంగ కారుస్తుంటే, గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని తండ్రి దాని నోట్లో వేళ్లు పెట్టి వెతికి, ఆ తర్వాత నా దగ్గరకు తెచ్చారు. రేబిస్‌కు గుర్తయిన ఆ వేలాడే దవడ చూడగానే నాకు గొంతు తడారిపోయింది. ఇంటిల్లిపాదినీ ఆ పూటే కుక్కకాటు టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు పంపాను. కుక్కపిల్ల రెండు రోజుల్లో చనిపోయింది. మనుషులు మాత్రం టీకాలు పూర్తిగా వేయించుకుని క్షేమంగా ఉన్నారు. ఆ తండ్రి ఇప్పటికీ ఫోన్ చేసి, తన వేళ్లకు ఆ రోజు గీతలేమైనా ఉన్నాయేమోనని అడుగుతారు. ఆయన భయాన్ని నేను ఎన్నడూ తేలికగా తీసుకోలేదు.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా, సాధారణంగా మూడు నాలుగు వారాలకు బూస్టర్, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. మొదటి టీకా వేసిన మర్నాటి నుంచే రక్షణ వచ్చిందనుకోకూడదు. అందుకు కొన్ని వారాలు పడుతుంది.

అపోహ: లైసెన్సు జాతికుక్కలకే, నాటుకుక్కకు అక్కర్లేదు.

వాస్తవం: పెంచుకుంటే ఏ కుక్కకైనా జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) లైసెన్సు తీసుకోవాలి, దానికి టీకా ధ్రువపత్రం జతచేయాలి. మెడికల్ షాపులో టీకా మందు కొని ఇంట్లోనే కుక్కకు సూది వేసేసేవారు ఇక్కడే చిక్కుకుంటారు. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచారో లేదో తెలియదు, ధ్రువపత్రంపై బ్యాచ్ నంబరు స్టిక్కరు అంటించి సంతకం చేసే డాక్టరూ ఉండడు.

అపోహ: టీకా వేసిన కుక్క కరిస్తే మనిషికి సూది అక్కర్లేదు, వేస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు.

వాస్తవం: ఆ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది; ఇప్పుడు భుజానికే వేస్తారు. టీకా వేసిన కుక్క కరిచినా, గాయాన్ని పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలన్నది నిజమే గానీ, ఆ పది రోజులూ సూది వాయిదా వేయమని దాని అర్థం కాదు. గాయానికి పూయకూడని కారం, సున్నం, పసరు మందుల గురించి నేను ఇక వాదించదలచుకోలేదు.

డబ్బులకు వెనకాడేవారు జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేసే టీకాను ఉపయోగించుకోవచ్చు. వచ్చేటప్పుడు ధ్రువపత్రం అడిగి తీసుకోవడం మాత్రం మరవకండి.