మణికట్టులోని పడవ ఎముక: సిమెంటు కట్టు నుంచి సన్నటి స్క్రూ దాకా

పడిపోతూ అరచెయ్యి నేలకు ఆనిస్తే మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది స్కాఫాయిడ్. బొటనవేలి మొదట్లో ఉంటుంది. గ్రీకులో పడవకున్న మాట నుంచి దీనికా పేరు. విరిగినా పెద్దగా వాపు ఉండదు, మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. బెణికిందనుకుని వదిలేసేవాళ్లు అందుకే ఎక్కువ.

అసలు చిక్కు రక్తంతో. ఈ ఎముకకు రక్తం చాలావరకు వేళ్ల వైపు నుంచి లోపలికి వచ్చి, ముంజేతి వైపు కొనకు వెనక్కి పారుతుంది. నడుమ విరిగిందా, ఆ వెనక ముక్కకు దారి తెగినట్టే. అతకడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిసార్లు ఆ ముక్క చచ్చిపోతుంది కూడా.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టేదాకా ఈ ఎముక విరిగిందని తేల్చుకోవడమే కష్టం. ఆ తర్వాత కూడా చాలాకాలం వైద్యమంటే సిమెంటు కట్టే: ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, ఒక్కోసారి అంతకుమించి. ఎముక అతికేసరికి కీలు బిగుసుకుపోయేది. 1954లో అమెరికా సర్జన్ మెక్‌లాఫ్లిన్ స్క్రూతో బిగించే పద్ధతి రాశాడు. కానీ ఈ ఎముక పైభాగమంతా దాదాపు నున్నటి మృదులాస్థి పొరే. స్క్రూ తల బయటికి పొడుచుకొస్తే కీలును గీరేస్తుంది.

ఆ ముడి విప్పింది ఆస్ట్రేలియా సర్జన్ టిమొతీ హెర్బర్ట్. 1984లో ఫిషర్ అనే సహచరుడితో కలిసి ఆయన ప్రచురించిన స్క్రూకు తలే లేదు, రెండు కొసలా మరలున్నాయి. ముందు మరల మధ్య ఎడం ఎక్కువ, వెనక తక్కువ. తిప్పిన ప్రతి చుట్టుకీ ముందు భాగం ఎక్కువ దూరం జరుగుతుంది కాబట్టి విరిగిన ముక్కలు వాటంతటవే దగ్గరకు వచ్చి బిగుస్తాయి. స్క్రూ మొత్తం ఎముకలోనే దాగిపోతుంది. నా లెక్కలో ఈ కథలో అన్నిటికన్నా తెలివైన ఘట్టం ఇదే.

అయినా దాన్ని పెట్టాలంటే మణికట్టు కోసి తెరవాల్సిందే. చర్మం మీద చిన్న గాటుతోనే బిగించవచ్చని స్ట్రెలి అనే సర్జన్ 1970లోనే జర్మన్‌లో రాశాడు. అది విరివిగా సాగింది మాత్రం 1990లలో, స్క్రూ మధ్యలో గొట్టంలా బోలుగా వచ్చాక. ముందు సన్నటి తీగ గుచ్చుతారు, ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్ యంత్రం తెర మీద దాని దారి సరిచూస్తారు, ఆ తీగ మీదుగానే స్క్రూ దించుతారు. గాటు కొన్ని మిల్లీమీటర్లే. ముక్కలు సరిగా కూర్చున్నాయో లేదో కీలులోకి చిన్న కెమెరా పంపి చూసేవాళ్లూ ఉన్నారు.

గాటు చిన్నదైంది కదా అని, పెద్దగా కదలని విరుగుళ్లకూ స్క్రూ వేయడం పెరిగింది. దాన్ని నిలదీసింది స్విఫ్ట్ అధ్యయనం. ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రుల్లో ముక్కలు 2 మిల్లీమీటర్లకు మించి జరగని 439 మందిని పరిశీలించి 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి నొప్పిలో, చేతి పనిలో కట్టుకూ ఆపరేషన్‌కూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందు కట్టు వేసి, అతకలేదని తేలితే వెంటనే స్క్రూ బిగించమని వాళ్ల సలహా. ముక్కలు బాగా జరిగినప్పుడు, రక్తం అందని ఆ వెనక కొనే విరిగినప్పుడు మాత్రం సర్జన్లు ఇప్పటికీ మొదటే స్క్రూ వైపు మొగ్గుతారు.