నిప్పు ఎక్కడిది?

బుజ్జీ, చిన్నూ,

"తాతయ్యా, నాలుగొందల ఏళ్ల కిందటి కథ రాస్తున్నా, రాజు పేరు, యుద్ధం తేదీ అన్నీ దొరికాయి, అయినా కథ కదలట్లేదు" అని రాశావు కదా బుజ్జీ. చదివి చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నానమ్మా.

గడిచిన కాలం చుట్టాలిల్లు అనుకో. వెళ్లగానే ముందుగదిలో కూర్చోబెడతారు, అక్కడ అన్నీ సర్ది ఉంటాయి, గోడకి పెద్దవాళ్ల పటాలుంటాయి. చరిత్ర పుస్తకం మనకి చూపించేది ఎక్కువగా ఆ గదే. కానీ ఆ ఇల్లు తెలియాలంటే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్లాలి, బిందె ఎక్కడ పెట్టారు, తలుపు వెనక ఏం తగిలించారు, అందరికంటే ముందు ఎవరు లేస్తారు, ఇవన్నీ చూడాలి. అక్కడికి తీసుకెళ్లేవి అప్పటివాళ్ల ఉత్తరాలు, డైరీలు, పద్దు పుస్తకాలు, వీలునామాలు, కోర్టు సాక్ష్యాలు. వాడిన దుప్పటిని కూడా వీలునామాలో రాసిచ్చారంటే దాని విలువేంటో అర్థమైపోతుంది చూడు.

నీ ఈడులో నేనూ ఒక పాతకాలం కథ రాశా, అందులో సైనికుడు చీకట్లో అగ్గిపుల్ల గీస్తాడు. మా తాతయ్య చదివి ఏమీ అనలేదు, చెకుముకి రాయి, ఇనుప ముక్క, మాడ్చిన నూలుగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టారు. కొట్టా, కొట్టా, వేళ్లు గీరుకుపోయాయి, రవ్వలు వస్తున్నాయి ఆరిపోతున్నాయి, చివరికి ఒకటి గుడ్డమీద ఎర్రటి చుక్కలా నిలిచింది, మెల్లగా ఊదుతుంటే అది పాకింది. గీస్తే వెలిగే అగ్గిపుల్లల్ని ఇంగ్లండులో జాన్ వాకర్ అమ్మడం మొదలుపెట్టింది 1827లో! అంతకుముందు ఇంత కష్టం కాబట్టే రాత్రిళ్లు నిప్పుని బూడిద కప్పి దాచుకునేవాళ్లు. నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకి అంటాం గానీ వాళ్లకది పడుకోబోయే ముందు పని. ఇలాంటివి చాలామంది రాసిపెట్టరమ్మా, అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు.

తేదీలు కూడా సరిచూసుకో. 1582లో ఇటలీ, స్పెయిన్‌లు కొత్త క్యాలెండర్‌కి మారడంతో అక్కడ అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15 అయింది, అదే ఏడు చివర్లో ఫ్రాన్స్ కూడా మారింది, బ్రిటన్ మాత్రం 1752 దాకా మారలేదు. అంటే నీ కథ కాలంలో పారిస్‌లో రాసిన ఉత్తరం నాలుగు రోజుల్లో లండన్ చేరితే, రాసిన తేదీకంటే ఆరు రోజుల ముందు తేదీన చేరినట్టు! నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇవాళ రాత్రి ఇద్దరూ లైట్లన్నీ ఆపేసి, అమ్మని పక్కన ఉంచుకుని ఒక్క దీపం పెట్టండి. గదిలో ఎక్కడిదాకా కనపడుతోందో, నీ మొహంలో చిన్నూకి ఏది కనపడటం లేదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య